‘హెడ్‌ఫోన్ మీరే తెచ్చుకోండి’ అనే గ్రంథాలయం ఎవరిది?

ప్రభుత్వ గ్రంథాలయానికి వెళ్లినప్పుడు కుర్చీ ఇంటి నుంచి తెచ్చుకోమని ఎవరూ అనరు. బల్ల మీది లైటుకు బల్బు కొనుక్కు రమ్మనరు. ఫ్యాను కరెంటుకు డబ్బులు కట్టమనరు. చదవడానికి కావలసినవన్నీ అక్కడే ఉండాలన్నది అందరూ ఒప్పుకునే మాట. కానీ అదే గ్రంథాలయంలో కంప్యూటర్ ముందు కూర్చుని ఒక ఆడియో పుస్తకం వినాలనుకుంటే మాట మారిపోతుంది. ‘హెడ్‌ఫోన్ మీరే తెచ్చుకోండి’ అంటారు. గట్టిగా అడిగితే సొరుగు లాగి, తీగలు చిక్కుపడిన నాలుగు హెడ్‌ఫోన్లు బల్ల మీద పడేస్తారు. ఒకదాంట్లో ఎడమ చెవి పలకదు. ఒకదానికి స్పాంజి ఊడిపోయింది. మిగతా రెండింటినీ పిన్ను దగ్గర వేలితో నొక్కి పట్టుకుంటే తప్ప వినబడదు.

ఇది చిన్న విషయమని చాలామంది అనుకుంటారు. నేను అనుకోను. హెడ్‌ఫోన్ లేని చోట ఆడియో పుస్తకం ఉన్నా లేనట్టే. తాళం వేసిన బీరువాలో పుస్తకం పెట్టి, తాళంచెవి ఇంటి నుంచి తెచ్చుకోమనడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

ఒక్క క్షణం ఆలోచించండి. గ్రంథాలయం గోడ మీద ‘నిశ్శబ్దం పాటించండి’ అని రాసి ఉంటుంది. అది న్యాయమైన నియమమే. స్పీకర్‌లో పుస్తకం పెడితే పక్కవాళ్లకు ఇబ్బంది, అందుకని సిబ్బంది ఆపేయిస్తారు. అదీ న్యాయమే. మరి స్పీకర్ పెట్టనివ్వక, హెడ్‌ఫోనూ ఇవ్వకపోతే, చెవితో చదివే మనిషికి ఆ గోడ మీది బోర్డు ఏమని చెబుతున్నట్టు? ‘నీకు ప్రవేశం లేదు’ అని. ఎవరూ నోరు తెరిచి ఆ మాట అనరు. అనాల్సిన అవసరం కూడా లేదు.

చెవితో చదివేవాళ్లు ఎవరు?

మొదట చూపు లేనివారు. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ 2006 నుంచి ఉంది. ఆస్ట్రేలియాలో చూపులేని యువకుడు మైఖేల్ కరన్ మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. దానితో వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగును కూడా చదువుతుంది. గొంతు కొంచెం యంత్రంలా ఉంటుంది గాని, అలవాటైనవాళ్లు మనం కళ్లతో చదివే వేగాన్ని మించి దాన్ని వింటారు. మన దేశంలో 2016 ఆగస్టులో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం, అచ్చు పుస్తకం చదవలేని వికలాంగుల కోసం అనేక భారతీయ భాషల్లో పుస్తకాలు అందిస్తోంది. సాఫ్ట్‌వేర్ ఉచితం. పుస్తకం ఉచితం. ఆ రెంటినీ మనిషి చెవి దాకా తెచ్చే తీగ ముక్క దగ్గరే వ్యవహారం ఆగిపోతోంది.

రెండోవారు డిస్లెక్సియా ఉన్న పిల్లలు. తెలివి ఉంటుంది, మాట ఉంటుంది, అక్షరాలు మాత్రం కుదురుగా నిలవవు. పుస్తకం వింటూ అదే పేజీని కళ్లతో అనుసరిస్తే వాళ్లలో చాలామంది ముందుకు పోగలరు. మూడోవారు పెద్దవాళ్లు. శుక్లాలు వచ్చో, చక్కెర జబ్బు వల్లో చూపు మందగించిన తాతలు, అమ్మమ్మలు.

నాలుగోవారి గురించి మన పత్రిక పాఠకులకు నేను ప్రత్యేకంగా చెప్పాలి. వాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. తమిళనాడులో 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ప్రకారం ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. ఏడాదికో తరగతి చొప్పున అది పైకి పోతూ 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. మాతృభాష ఐచ్ఛిక పాఠంగా పక్కకు జరిగింది. ఆ చట్టం మంచిచెడ్డల చర్చ ఇక్కడ పెట్టను. జరిగింది మాత్రం చెబుతాను. హోసూరులో, కృష్ణగిరిలో, చెన్నైలో తెలుగు మాట్లాడుతుంది గాని తెలుగు అక్షరం రాని తరం ఒకటి పెరిగింది. చట్టం వేరైనా ఫలితం అలాంటిదే బళ్లారి, కోలారు, బెంగళూరు వీధుల్లో, షోలాపూర్ మగ్గాల పేటల్లో, బరంపురంలో చూస్తున్నాం. ఆ పిల్లలకు నాయనమ్మ తెలుగు తెలుసు. ‘కన్యాశుల్కం’ చదివి వినిపిస్తే నవ్వగలరు. పుస్తకం చేతికిస్తే తిరగేసి పట్టుకుంటారు.

ఆ పిల్లలకు తెలుగు సాహిత్యంలోకి మిగిలిన దారి చెవి ఒక్కటే. తెలుగు వికీసోర్స్‌లో యూనికోడ్ అక్షరాల్లో టైపు చేసి పెట్టిన పాత పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. కంప్యూటర్ వాటిని పైకి చదివి వినిపించగలదు. ఇక్కడ ఒక తేడా గమనించాలి. సుగమ్య పుస్తకాలయ వికలాంగుల కోసం కాపీరైట్ చట్టం ఇచ్చిన మినహాయింపు మీద నడుస్తుంది కాబట్టి అది అందరికీ తెరిచి ఉండదు. కాపీరైట్ తీరిపోయిన పుస్తకాలకు ఆ అడ్డు లేదు. ఎవరైనా వినవచ్చు. వినడానికి ఒక హెడ్‌ఫోన్ కావాలి, అంతే.

‘వినడం చదువు కాదు’ అనేవారికి

కొందరు పెద్దమనుషులు పెదవి విరుస్తారు. ‘వినడం కూడా ఒక చదువేనా? బద్ధకం’ అంటారు. వాళ్లకు మన చరిత్రే జవాబు. వేదం విన్న శూద్రుడి చెవుల్లో తగరమో లక్కో కరిగించి పోయాలని ధర్మసూత్రం రాసుకున్న దేశం ఇది. వినడం ఉత్త బద్ధకమే అయితే దానికి అంత శిక్ష ఎందుకు రాశారు? విన్నవాడికి జ్ఞానం వస్తుందని ఆ రాసినవాళ్లకు బాగా తెలుసు. బడి గడప తొక్కనివ్వని కాలంలో మన ముత్తాతలు, ముత్తవ్వలు వాక్యాన్నీ కీర్తనలనూ చెవితోనే నేర్చారు. ఒక్క అక్షరం రాకపోయినా అధ్యాయాలకు అధ్యాయాలు ఒప్పజెప్పిన అవ్వలను మన సంఘాల్లో పెద్దవయసువాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. అలాంటి అవ్వల మనవలం మనం. చెవితో చదివేవాళ్లను మనం చిన్నచూపు చూడగలమా?

చట్టం ఏమంటోంది, డబ్బు ఎవరిది?

‘మేము ఇవ్వలేం, ఇది మా దయ’ అన్న ధోరణికి చట్టంలో చోటు లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 7 రకాల వైకల్యాల జాబితాను 21కి పెంచింది. అందులో చదువుకు సంబంధించిన డిస్లెక్సియా వంటివి కూడా ఉన్నాయి. 42వ సెక్షన్ ప్రకారం ఆడియో, అచ్చు, ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లో ఉన్న సమాచారం వికలాంగులకు అందే రూపంలో ఉండేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి. ఇంకా ముఖ్యమైన మాట ఒకటుంది. పెద్ద భారం కాని సహేతుకమైన సర్దుబాటును నిరాకరించడం కూడా వివక్షే అని ఆ చట్టం నిర్వచించింది. ఒక హెడ్‌ఫోన్ ప్రభుత్వానికి మోయలేని భారమా?

చూపులేనివారికి పుస్తకాలు అందాలని చేసిన మర్రాకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనది. అంతర్జాతీయ వేదిక మీద మొదటి స్థానంలో నిలబడ్డాం. శాఖా గ్రంథాలయం బల్ల దగ్గరికి వచ్చేసరికి తెగిన తీగ చేతికిస్తున్నాం.

డబ్బు లేదంటారా? స్వతంత్ర భారతంలో మొదటి గ్రంథాలయ చట్టం 1948లో మద్రాసులోనే వచ్చింది. తమిళనాడులో ఆస్తి పన్ను మీద రూపాయికి 10 పైసలు, కర్ణాటకలో 6 పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలు చేస్తున్నారు. ఇల్లు ఉన్నవాడు నేరుగా కడుతున్నాడు. అద్దెకు ఉన్నవాడు అద్దెలో కలిపి కడుతున్నాడు. అంటే హెడ్‌ఫోన్ డబ్బు మనం ముందే కట్టేశాం. స్థానిక సంస్థలు వసూలు చేసిన సెస్సును గ్రంథాలయ శాఖకు జమ చేయకుండా బకాయి పెట్టడం గురించి బెంగళూరు పత్రికలు ఏళ్ల తరబడి రాస్తూనే ఉన్నాయి. కాబట్టి ప్రశ్న డబ్బు ఉందా లేదా అన్నది కాదు, ఎక్కడ ఆగింది అన్నది. మహారాష్ట్ర 1967 చట్టంలో, ఒడిశా 2001 చట్టంలో సెస్సు లేదు. అక్కడ ప్రభుత్వ నిధుల మీద, గ్రాంట్ల మీద గ్రంథాలయాలు నడుస్తాయి. యానాంలో పుదుచ్చేరి కళా సంస్కృతి శాఖను అడగాలి. అడగాల్సిన తలుపు మారుతుంది, హక్కు మారదు.

చేయలేనిదేం కాదని చూపే చోట్లూ ఉన్నాయి. చెన్నై కొట్టూరుపురంలో 2010లో తెరిచిన అణ్ణా శతజయంతి గ్రంథాలయంలో చూపులేనివారికి బ్రెయిలీ విభాగం ఉంది. మదురైలో 2023లో తెరిచిన కలైంజ్ఞర్ శతజయంతి గ్రంథాలయంలోనూ వికలాంగులకు ప్రత్యేక విభాగం పెట్టారు. మహానగరంలోని పెద్ద భవనానికి పనికొచ్చిన న్యాయం తాలూకా శాఖకు ఎందుకు పనికిరాదు?

చౌక అంటే ఏమిటి?

ఇక అసలు రోగం దగ్గరికి వద్దాం. కొన్నిచోట్ల హెడ్‌ఫోన్లు కొంటారు. కొటేషన్లు పిలిచి, అందరికంటే తక్కువ ధర రాసినవాడి దగ్గర కొంటారు. మూడు నెలలకు అవి చస్తాయి. స్టాక్ రిజిస్టర్‌లో మాత్రం బతికే ఉంటాయి. ‘ఇచ్చాం, మీవాళ్లే పాడు చేశారు’ అని నింద పాఠకుడి మీదికి వస్తుంది.

పాడు చేసింది పాఠకుడు కాదు. హెడ్‌ఫోన్ ఎక్కడ చస్తుందో చూడండి. తీగ పిన్నులోకి వెళ్లే చోట, తీగ చెవి గిన్నెలోకి వెళ్లే చోట. రోజుకు పదిమంది తీసి పెడుతుంటే అదే చోట తీగ వంగుతుంది. పైన రబ్బరు బాగానే కనిపిస్తుంది, లోపల వెంట్రుకంత సన్నని రాగి పోగులు ఒక్కొక్కటే తెగిపోతాయి. ఒక మనిషి జేబులో పెట్టుకు తిరగడానికి చేసిన వస్తువును వందమంది వాడే చోట పెడితే అది అంతకంటే ఎక్కువ బతకదు. కాబట్టి గ్రంథాలయం కొనాల్సింది ఇలా ఉండాలి:

తీగ విడిగా ఊడివచ్చేదై ఉండాలి. తీగ పోతే తీగ మాత్రమే మార్చాలి, హెడ్‌ఫోన్ పారేయకూడదు.

చెవి మెత్తలు తుడవడానికి వీలైనవి, విడిగా దొరికేవి అయి ఉండాలి. చెవి లోపల పెట్టుకునే ఇయర్‌ఫోన్లు పదిమందికి తిప్పకూడదు, చెవి ఇన్ఫెక్షన్లు వస్తాయి.

బ్యాటరీ ఉండకూడదు. బ్లూటూత్ చూడటానికి బాగుంటుంది. కానీ బ్యాటరీ కొన్నేళ్లకే నీరసిస్తుంది. మనిషి మారినప్పుడల్లా జత కలపాలి. పైగా మీట నొక్కిన తర్వాత గొంతు కొంచెం ఆలస్యంగా వస్తుంది, స్క్రీన్ రీడర్ వాడేవారికి అది పెద్ద ఇబ్బంది. మామూలు 3.5 మిల్లీమీటర్ల పిన్ను చాలు.

బయటి హోరును కొంతైనా ఆపాలి. ఇది సుఖం కోసం అడగడం లేదు. చెవికి సరిగ్గా కూర్చోని హెడ్‌ఫోన్‌లో రోడ్డు చప్పుడు దూరుతుంది. దాన్ని మించి వినబడాలని పాఠకుడు వాల్యూమ్ పెంచుతాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగానికి పడిపోతుంది. పగలంతా పవర్‌లూమ్‌ల హోరులో పనిచేసి సాయంత్రం గ్రంథాలయానికి వచ్చే షోలాపూర్ కార్మికుడి చెవులకు మనం ఇంకో దెబ్బ వేయకూడదు. అలాగని అన్నీ చెవి పూర్తిగా మూసేవే కొనకూడదు. చూపులేనివారు పక్కన ఎవరొచ్చారో కూడా వినాలి, వాళ్లకు తేలికపాటివి ఒకటి రెండు ఉండాలి.

ఖర్చు ఎక్కువంటారా? లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకు తీసుకున్నవి, మీ ఊరి అంగడి ధరలు పెట్టి మీరే మళ్లీ వేసుకోండి. 250 రూపాయల హెడ్‌ఫోన్ మూడు నెలలు వస్తే మూడేళ్లకు 12 కొనాలి, అంటే 3,000 రూపాయలు. 1,200 రూపాయలది కొని, ఏడాదికో తీగ 150 చొప్పున మూడు మార్చి, మెత్తలకు 300 వేసుకున్నా 1,950 రూపాయలు. ఏది చౌక? పైగా మొదటిదాంట్లో ప్రతి మూడు నెలలకూ కొత్తది వచ్చేదాకా పాఠకుడు ఖాళీ చేతులతో తిరిగిపోయిన రోజులున్నాయి. ఆ రోజుల ధర ఏ కొటేషన్‌లోనూ ఉండదు. తక్కువ ధర అని కొని పేదవాడికి పనికిరాని వస్తువు ఇవ్వడం పొదుపు కాదు, అవమానం.

మూడు సాకులు

‘అందరి దగ్గరా ఫోన్ ఉంది, ఇయర్‌ఫోన్ ఉంది’ అనేది మొదటి సాకు. ఫోన్ ఇంటికి ఒకటి ఉంటే అది నాన్న జేబులోనో అన్న చేతిలోనో ఉంటుంది. చెల్లి చేతికి ఎప్పుడొస్తుంది? గ్రంథాలయం ఉన్నదే ఏమీ లేకుండా వచ్చే మనిషి కోసం. ఉన్నవాడికే సేవ చేస్తానంటే అది గ్రంథాలయం అనిపించుకోదు.

‘ఎత్తుకుపోతారు’ అనేది రెండోది. ఒకప్పుడు ఐరోపాలో పుస్తకాల గురించీ ఇదే అన్నారు. ఇనుప గొలుసులతో అరలకు కట్టేశారు. ఇంగ్లండ్‌లోని హియర్‌ఫర్డ్ కెథీడ్రల్‌లో ఆ గొలుసుల గ్రంథాలయం ఇప్పటికీ ఉంది, చూడటానికి జనం వెళ్తారు. లోకం ఆ గొలుసులు తెంపి పుస్తకాన్ని నమ్మకం మీద ఇంటికి ఇవ్వడం నేర్చుకుంది. పాఠకుడి కార్డు తీసుకుని, రిజిస్టర్‌లో రాసి, తిరిగి ఇచ్చినప్పుడు కార్డు ఇచ్చేయండి. వేల రూపాయల పుస్తకానికి పనిచేసిన పద్ధతి హెడ్‌ఫోన్‌కు పనిచేయదా?

‘ఎవరూ అడగడం లేదు’ అనేది మూడోది. రెండుసార్లు వచ్చి ఖాళీగా తిరిగిపోయినవాడు మూడోసారి ఎందుకు వస్తాడు? మెట్లు మాత్రమే కట్టి, చక్రాల కుర్చీలో ఎవరూ రావడం లేదు కాబట్టి ర్యాంపు అక్కర్లేదనడం ఇలాంటిదే. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి రంగనాథన్ 1931లో ప్రచురించిన ఐదు సూత్రాల్లో రెండోది, ప్రతి పాఠకుడికీ అతనికి కావలసిన పుస్తకం అందాలని చెబుతుంది. అడిగిన పాఠకుడికి మాత్రమే అని ఆయన పెట్టలేదు.

మనం ఏం చేద్దాం?

యువతీ యువకులారా, బాధపడి ఊరుకోవద్దు. ఈ నెలలోనే మీ ఊరి గ్రంథాలయానికి ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. ఆడియో పుస్తకం వినాలని అడగండి. పనిచేసే హెడ్‌ఫోన్లు ఎన్ని ఉన్నాయో కళ్లారా చూడండి. గ్రంథాలయ ఉద్యోగితో గొడవ పెట్టుకోవద్దు. ఆయనకు కొనే అధికారం ఉండదు. చాలాచోట్ల ఆయనకు వచ్చేది అరకొర జీతమే. ఆయన్ని మనవైపు నిలబెట్టుకోండి.

తర్వాత జిల్లా గ్రంథాలయ అధికారికి ఉత్తరం రాయండి. ‘హెడ్‌ఫోన్లు ఇవ్వండి’ అని మాత్రమే రాస్తే మళ్లీ ఆ 250 రూపాయలవే వస్తాయి. పైన చెప్పిన లక్షణాలు ఒక్కొక్కటీ రాయండి. ప్రతి కంప్యూటర్‌కు ఒకటి, దానికి తోడు అదనపు తీగలు, మెత్తలు, ఏటా మరమ్మతుకు కొంత సొమ్ము అని రాయండి. కంప్యూటర్లలో ఎన్‌వీడీఏ వేయమని కూడా రాయండి, దానికి పైసా ఖర్చు లేదు. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో నాలుగు ప్రశ్నలు అడగండి: గత మూడేళ్లలో ఎన్ని కొన్నారు, ఏ ధరకు కొన్నారు, ఇవాళ ఎన్ని పనిచేస్తున్నాయి, మరమ్మతుకు ఎంత ఖర్చు పెట్టారు. జవాబివ్వడానికి 30 రోజుల గడువుంది.

మన సంఘాలకు ఒక మాట. పండక్కి నాసిరకం హెడ్‌ఫోన్లు డజను కొని, బ్యానర్ కట్టి, ఫోటో దిగి వచ్చేసే దానం మాత్రం వద్దు. ఆ దానం ప్రభుత్వాన్ని బాధ్యత నుంచి తప్పిస్తుంది, మూడు నెలలకు చెత్త కుప్పనూ పెంచుతుంది. మన దగ్గర అంతకంటే విలువైనది ఒకటి ఉంది. ప్రతి చర్చిలోనూ మైకులు, మిక్సర్ చూసుకునే కుర్రాడు ఒకడుంటాడు. తెగిన తీగకు సోల్డరింగ్ వేయడం, కొత్త పిన్ను బిగించడం అతనికి చేతిలో పని. నెలకో శనివారం రెండు గంటలు గ్రంథాలయంలో కూర్చుని పాడైనవి బాగు చేసి ఇవ్వమనండి, అక్కడి పిల్లలకు కూడా ఆ పని నేర్పమనండి. చదవడం వచ్చిన అక్కలు, అన్నలు కాపీరైట్ తీరిన తెలుగు పుస్తకాలను స్పష్టంగా చదివి రికార్డు చేసి ఇవ్వండి. యంత్రం గొంతు కంటే మనిషి గొంతు పిల్లలను త్వరగా పట్టుకుంటుంది. అయితే ఈ సేవ చేస్తూనే ఆ ఉత్తరం రాయడం, ఆ నాలుగు ప్రశ్నలు అడగడం మానొద్దు. సేవ చేసేవాడు నోరు మూసుకోవాలని ఎవరూ రాయలేదు.

లక్షలు పోసి కట్టిన భవనం, వేలు పోసి కొన్న కంప్యూటర్, ఉచితంగా దొరికే పుస్తకం, ముందే కట్టేసిన పన్ను, అన్నీ ఉన్నాయి. వాటికీ ఒక పాఠకుడి చెవికీ మధ్య ఒకటిన్నర మీటర్ల మంచి తీగ లేదు. అది ఇవ్వమని అడగడానికి మనం ఎవరికీ దండం పెట్టాల్సిన పనిలేదు. లెక్క చూపించి అడుగుదాం, వచ్చేదాకా అడుగుదాం.